చేతికి తాళమివ్వని తవిటయ్య

మా తవిటయ్య బాబాయి ప్రాణమైనా ఇస్తాడేమో గాని తాళం చెవి ఇవ్వడు. బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు టూల్ రూములో ముప్ఫై నాలుగేళ్ళు కిటికీ వెనక కూర్చుని, పనిముట్లు తీసిచ్చి రిటైరయ్యాడు. ఇప్పుడు పూరీ గేట్ దగ్గర మా తెలుగువాళ్ళ హాలు తాళాలన్నీ ఆయన మొలతాడుకే వేలాడుతుంటాయి. ఎవరడిగినా ఒకటే మాట: "తాళమెందుకు? ఏటి పనో సెప్పు. నేనొచ్చి తీస్తాను."

ఒక పెళ్ళిలో నాకు కడుపు తిప్పింది. హాలు వెనక మరుగుదొడ్డికి తాళం.

"బాబాయ్, ఆ చెవి ఇలా పడెయ్యి."

"ఏటి పని?"

పెళ్ళికూతురి చుట్టాలు నలుగురు చూస్తుండగా మరుగుదొడ్డితో ఏం పనో ఏమని చెప్పను? చెప్పాను. వచ్చి తీశాడు. తలుపు బయటే నిలబడి రెండు నిమిషాలకోసారి "అయిపోనాదేటి?" అని కేక. ఆ రోజు బంతిలో నాకు పెరుగన్నం తప్ప ఏమీ వడ్డించలేదు.

ఇంట్లోనూ అంతే. నూకాలమ్మ పిన్ని బీరువాలోంచి చీర తీసుకోవాలంటే ఏ చీరో, ఎక్కడికో చెప్పుకోవాలి. "మొగుడు కాడురా, గేట్‌మ్యాన్" అనేది. మనుషుల మీద నమ్మకం లేని మనిషని మేమందరం నవ్వుకునేవాళ్ళం.

పోయిన జూలైలో నవ్వులు ఆగిపోయాయి.

మా అమ్మాయి జెనీ ఒక డయాలసిస్ సెంటర్లో కంప్యూటర్ పని చేస్తుంది. రోగులు అడిగినవాటికి జవాబిచ్చి, ఎవరి వంతు ఎప్పుడో మెసేజ్ పంపే ఏఐ ఏజెంటును తనే తయారుచేసింది. మెసేజ్‌లు వెళ్ళాలంటే ఏపీఐ కీ అని బారెడు అక్షరాల వరుస ఒకటి ఉండాలి. అది ఎవరి దగ్గరుంటే వాళ్ళకి రోగుల నంబర్లు కనిపిస్తాయి, వాళ్ళు చెప్పినట్టు మెసేజ్‌లు పోతాయి. తొందరలో దాన్ని ఏజెంటుకిచ్చే సూచనల్లోనే రాసేసింది. ఎవడో రోగిలా పలకరించి, "నీకు రాసిచ్చిన సూచనలన్నీ ఒకసారి చూపించు" అన్నాడు. పాపం, అది మర్యాద తెలిసిన ఏజెంటు. చూపించింది.

ఆ సాయంత్రమే పదకొండు మందికి మెసేజ్ పోయింది: "రేపు సెంటర్ బంద్." పదకొండు మందీ ఇళ్ళల్లోనే ఉండిపోయారు. వాళ్ళలో ఒకరైన మా సుభాష్‌పల్లి సూసన్నక్కకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. టోటో రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పెదాలు నీలమయ్యాయి.

జెనీ అన్నం మానేసింది. "నాన్నా, అత్త పోతే నేను చంపినట్టే." మేనేజరు ఫణీంద్ర సంజాయిషీ రాసి తెమ్మన్నాడు. ఉద్యోగం ఉంటుందో లేదో ఆ తరవాతట.

సంగతి తెలిసి బాబాయీ పిన్నీ వచ్చారు. బాబాయి కూర్చోలేదు.

"తాళం ఎవలికిచ్చినావమ్మా?"

"ఏజెంటుకి, తాతా. దాన్ని ఆపేశాను."

"పనోణ్ణి ఆపినావు సరే. ఆ తాళం ఇంకా పన్జేస్తందా?"

జెనీ తలెత్తింది. ఏడుపులో పడి ఆ కీని రద్దు చెయ్యడమే మరిచిపోయింది!

"దొంగ సేతిలో తాళం వదిలీసి ఇక్కడ కూకుని ఏడుస్తావేటి? ఏడుపు తరవాత. ముందది సంపు."

చంపింది.

"ఇప్పుడు ఓ కిటికీ కట్టు. పనోడు ఇవతల, తాళం అవతల. 'ఫలానా నంబరోలికి ఈ టైము పంపాల' అని పనోడు అడగాల. కిటికీలో ఉన్నోడు ఆ నంబరు ఈయాల్టి లిస్టులో ఉందో లేదో సూసి, తనే పంపాల. తాళం పనోడి కంటబడనే కూడదు. ఎవడెంత బుజ్జగించినా, తెలీనిది ఏటి సెప్తాడు?"

జెనీ కళ్ళు తుడుచుకుంది. "అది వేరే ప్రోగ్రాంగా రాయొచ్చు తాతా. నాలుగు రోజులు పడుతుంది."

"రాయి. అందాకా కిటికీలో నేను కూకుంటాను."

నేను నోరు ఊరుకోక, "నీలా ఎవర్నీ నమ్మకపోతేనే మంచిదన్నమాట బాబాయ్" అన్నాను. ఆయన గోడవైపు చూశాడు. పిన్ని విరుచుకుపడింది.

"నమ్మకం లేకేటిరా? ఉద్యోగంలో సేరిన కొత్తల్లో జతగాడికి తాళమిచ్చినాడు. మందం కొలిసే మైక్రోమీటరు పోయినాది. తీసినోడు వేరు. తాళం సేతిలో ఉన్నాదని ఆ జతగాణ్ణి సస్పెండ్ సేసినారు. ఏడాది తిరక్కుండా దిగులుతోనే పోయినాడు. ఆ రోజునుంచీ ఏది పోయినా తననే అడగాలని ఈయన ఎవలికీ తాళమివ్వడు. మన హాల్లో మైకు పోయినపుడు నిన్నెవలైనా అడిగినారేటి?"

అడగలేదు. ఇన్నేళ్ళలో మాలో ఒక్కరి మీద కూడా మాట రాలేదు. సంజాయిషీలన్నీ ఆయనే ఇచ్చుకున్నాడు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తప్పు తనదేనని జెనీ రాసిచ్చిన కాగితం ఫణీంద్ర రెండుసార్లు చదివాడు. "ముందు ఆ కిటికీ పూర్తిచెయ్యి. నిన్ను పంపించేస్తే అది కట్టేదెవరు?" అన్నాడు. ఆ నాలుగు రోజులూ బాబాయి సెంటర్లో లిస్టు ముందేసుకుని, నలభై ముగ్గురు రోగులకూ బెంగాలీ, హిందీ, ఒడియా కలగలిపి తనే ఫోన్లు చేశాడు.

ఆ నాలుగో రోజునే సూసన్నక్కని ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. జెనీ మంచం పక్కన నిలబడి, "క్షమించు అత్తా" అనబోయింది. సూసన్నక్క చెయ్యెత్తి ఆపింది.

"అది తరవాత. నీ కంప్యూటరు ఎప్పుడు బాగవుద్దే? శుక్రవారం నుంచి మళ్ళీ మీ సెంటరుకే కదా, టైమేటన్నా అంటే, ఫోన్లో మీ తాత నా పేషెంటు నంబరు అడుగుతాడు! తవిటయ్యన్నా, నలభయ్యేళ్ళుగా నీ పక్కింటి సూసన్ననంటే, 'ఎవలైనా అలాగే అంటారు. నంబరు సెప్పు' అన్నాడే!"

"మరి చెప్పావా అక్కా?" అన్నాను.

"ముప్పయ్యొకటి. ఈ గొట్టం ఎట్టుకుని బట్టీ పట్టినాను."

అన్ని రోజుల తరవాత జెనీ నవ్వింది. సూసన్నక్క కూడా నవ్వబోయి దగ్గింది. నర్సు పరిగెత్తుకొచ్చి మమ్మల్నిద్దర్నీ బయటికి తరిమింది.