అత్తమ్మ కత్తికి నేను పెట్టిన పదును

ఇల్లు కూలలేదు, ఎవరి వేలూ తెగలేదు. అయినా ఏన్కూరు దగ్గర మా అత్తగారింట్లో ఒక ఘోరం జరిగింది. చేసింది నేనే. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ గ్రేసీ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

పెళ్లయిన తర్వాత మొదటి ఎండాకాలం. కొత్త అల్లుడు పొద్దెరగడు కదా! సరిగ్గా మామిడికాయ తొక్కు పెట్టే రోజున, ఆన్‌లైన్‌లో తెప్పించిన పింగాణీ కడ్డీ పట్టుకుని ఖమ్మం నుంచి దిగాను. దానిమీద కత్తిని కాసేపు దువ్వితే చాలు, బ్లేడులా తెగుతుందని ఫోన్‌లో ఒకాయన చూపించాడు. ఆయన కోసింది టమాటా. మా అత్తమ్మ కత్తి కొట్టేది టెంకతో సహా మామిడికాయను. ఆ తేడా నా బుర్రకు తట్టనే లేదు.

అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు. అల్లుడంటే అంత మర్యాద. నేను ఎదురుగా కూర్చున్నా సరే, మాట గ్రేసీ మీదుగా తిరిగి రావాల్సిందే.

"గ్రేసీ, ఆ కత్తికి అంచు మందంగనే ఉండాలని మీ ఆయనకు చెప్పు బిడ్డా."

"ఇనబడ్డదా?" అంది గ్రేసీ.

"అవన్నీ పాత పద్ధతులు అత్తమ్మా! మీరే చూద్దురు గని," అన్నాను.

"పోనీ తియ్, అల్లుడు ముచ్చటపడుతుండు," అన్నాడు మామయ్య.

వద్దని అందరి ముఖాల్లోనూ ఉంది. కొత్త అల్లుణ్ణి వద్దనే నోరు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నేను గంటసేపు ఆ కత్తిని పెన్సిలు చెక్కినట్టు చెక్కి, చేతి మీద వెంట్రుకలు గొరిగి మరీ చూపించాను.

"అవ్, మస్తు పదునున్నది," అన్నాడు మామయ్య, తప్పదు కాబట్టి.

ఆయన కాయలు కొట్టడం మొదలుపెట్టాడు. బేసిన్ నిండింది. నేను మీసం దువ్వుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆయన ఆగి, కత్తిని వెలుతురుకు ఎత్తి చూశాడు. అంచంతా దువ్వెన పళ్లలా ఉంది.

"ఏందిది?"

"అంచు రాలినట్టున్నది మామయ్యా."

"రాలి ఏడవడ్డది?"

అందరం బేసిన్ వైపు చూశాం. ఇంటిల్లిపాదీ ఏడాదంతా తినాల్సిన ముక్కలవి.

"కడుగుదామా?" అన్నాను.

"కాయలో దిగిన ఇనుపముక్క కడిగితే పోతదా?" అంది గ్రేసీ.

అత్తమ్మ, "గ్రేసీ, మీ ఆయనకు..." అని మొదలుపెట్టింది. మధ్యలోనే ఆమె మర్యాదకు కట్ట తెగింది. "ఏం జేసినవ్ రా! ఏడాది తొక్కు మన్నుపాలు జేసినవ్ గదరా!"

అత్తమ్మ నాలుక కరుచుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య తల దించుకున్నాడు. నాకు మాత్రం, నిజం చెప్తున్నాను, భలే సంతోషమేసింది. మా అమ్మ తిట్టినట్టే తిట్టింది మరి!

"ఇప్పుడు ఏం జెయ్యమంటవ్ అత్తమ్మా?"

"ఏం జేస్తవ్? కూసొని మిగిలిన కాయలు తురుము!"

కొట్టిన ముక్కలన్నీ పెరట్లో పూడ్చిపెట్టాం. మిగిలినవి పొద్దుగూకే దాకా నేనే తురిమాను. ఆ ఏడాది ఆ ఇంట్లో ముక్క అన్నదే లేదు, అంతా తురుము తొక్కే. అప్పటి నుంచి అత్తమ్మ మాట గ్రేసీ మీదుగా తిరిగి రావడమూ లేదు.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు నేను గంభీరంగా లేచి నిలబడ్డాను. ఇక ఈ జన్మలో ఎవరి కత్తికీ పదును పెట్టనని ఒట్టేస్తూ, బైబిలు మీద చెయ్యి పెట్టబోయాను.

"చెయ్యి తియ్ రా," అంది అత్తమ్మ. "దాని అంచులు గూడ అరగదీస్తవ్!"