నేను తవ్వించిన పాయలో నా పెళ్ళి పడవ

ఆ రోజుల్లో గోదారి కూడా నేను గీసిన గీత దాటదని నమ్మేవాణ్ణి. సర్వే చదువు ముగించి కొత్తగా ఓవర్సీరునై వచ్చేను. సఖినేటిపల్లి దగ్గర సముద్రపు పడవలు రేవుకి చేరే పాయలో పూడిక తీయించడం నా పని. తీసిన ఒండుమట్టిని దోనెల్లో గోదారి సముద్రంలో కలిసే మొగకి పట్టుకెళ్ళి, పాటు వేళ, అంటే నీరు సముద్రంలోకి తీసే వేళ, వదిలేయడం అక్కడి పద్ధతి. నేను మాత్రం పాయ అంచునే తాడు పట్టించి, ఆ మట్టిని తిన్నగా కట్ట పోయించేను. ఎందుకయ్యా అంటే కారణాలు సిద్ధం: ఒకటి, దోనెల తిరుగుడు తప్పుతుంది, రెండు, గట్టు బలపడుతుంది, మూడు, చూడ్డానికి బాగుంటుంది. (అసలు కారణం మూడోదే.) సరంగులూ కూలీలూ అందరూ మెచ్చుకున్నారు. మోత తప్పితే ఎవరు మెచ్చరు?

ఇంతలో ఆ పాయ చివరి ఊళ్ళోనే నాకు పెళ్ళి కుదిరింది. పాయ బాగుచేయించిన అల్లుడొస్తున్నాడని కాబోయే మావగారు ఊరంతా చెప్పుకున్నారట. పెళ్ళిపనులకని నేను రాజోల్లో మా ఇంట్లో ఉండగా, పున్నమి పోటు వచ్చి నా కట్టని అంచుల్నించి నాకేసి, మట్టిని మళ్ళీ పాయలో ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఆ సంగతి మా పెళ్ళి పడవకి అందరికంటే ముందు తెలిసింది. రేవు కనబడుతోంది, సన్నాయి వినబడుతోంది, పడవ మాత్రం ఆ మట్టి మేట మీద మెత్తగా కూర్చుంది. మళ్ళీ పోటు వచ్చేది సాయంత్రానికి, ముహూర్తం మధ్యాహ్నానికి. ఇది తప్పితే ఆషాఢం దాటేవరకూ మరోటి లేదని పురోహితుడుగారు తేల్చేసేరు. మేట వేయడానికి కారణాలేమిటో నేను వివరించబోతే మా మేనమామ విన్నాడు కాదు. "కారణాలు పీటల మీద చెబుదువుగాని, దిగరా" అన్నాడు.

బుగ్గచుక్కతో, పట్టుపంచె ఎగ్గట్టి, మోకాటి లోతు బురదలో నా పెళ్ళి పడవని నేనే నెట్టేను. ఆడపెళ్ళివారంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. మావగారు ఎంతో మర్యాదగా, "మీరు తవ్వించిన పాయ ఇదేనాండీ?" అని అడిగేరు.

"ఆయ్, ఇదేనండి" అన్నాను. కారణాలు పక్కన పెట్టి మళ్ళీ పడవకి భుజం ఆన్చేను.

ముహూర్తానికి అందుకున్నాం గానీ, కాళ్ళు కడుక్కునే వ్యవధి లేకుండా పీటల మీద కూలేసేరు. కన్యాదానం వేళ మావగారు నా కాళ్ళు పళ్ళెంలో పెట్టుకుని కడిగేరు. నీళ్ళు నల్లబడ్డాయి. మార్చేరు. మళ్ళీ నల్లబడ్డాయి. పురోహితుడుగారు మంత్రం ఆపి చూస్తున్నారు. మావగారు నా వేళ్ళ సందుల్లోంచి ఒండుమట్టి తీస్తూ, నాకొక్కడికే వినబడేలా, "తీసేకొద్దీ వస్తోందండీ" అన్నారు. తల వంచుకున్నాను. (పెళ్ళికొడుకు సిగ్గుపడుతున్నాడని ముత్తయిదువలు ముచ్చటపడ్డారు.)

తరవాత ఆ మట్టిని మళ్ళీ తీయించి, పాటు వేళ మొగ దగ్గర వదిలించేను. తాడు పట్టించలేదు. ఇప్పటికీ అత్తవారింటికి వెళితే గుమ్మంలో తోడల్లుళ్ళకి తలో చెంబు నీళ్ళుంటాయి. నాకు రెండు చెంబులు. కట్ట పక్కన నిలబడి దాని అందం చూసుకుని మురిసిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. రెండు చెంబులూ పోసుకునే లోపలికి వెళతాను.