మన్మథ, ఆరుద్ర, రెండో పాదం

2015లో నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పెద్దవాళ్ళ మతిమరుపును చూసే విభాగం అప్పుడే కొత్తగా పెట్టారు. మెమరీ క్లినిక్ అని పేరు. పేరు పెద్దదే గాని, ఉన్నది మెట్ల కింద ఒక గది, ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఒక తెలుగు క్యాలెండరు. డాక్టరుగారు గురువారం మాత్రమే వచ్చేవారు. అంతకు ముందే నేను పేషెంట్లకు స్క్రీనింగ్ చేసి పెట్టాలి. స్క్రీనింగ్ అంటే జబ్బు ఉందని తేల్చడం కాదు, ఉండవచ్చునా అని జల్లించి చూడడం. ఈ తేడా నాకు నర్సింగులో బాగానే నేర్పారు. నేనే గుర్తు పెట్టుకోలేదు.

దానికొక ఫారం ఉండేది, ముప్పై మార్కులకు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ తేదీ, మీరు ఇప్పుడు ఎక్కడున్నారు అన్నవి ఓరియంటేషన్ ప్రశ్నలు. మనిషికి కాలం, చోటు తెలుస్తున్నాయా అని చూస్తాం. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్ళీ అడిగితే అది రీకాల్. నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ ఏడు తీసేస్తే ఎంత అని అడుగుతూ పోవడం ఇంకొకటి. ఆ ఫారం మీద నాకు వల్లమాలిన నమ్మకం. పావుగంటలో ఎవరి బుర్రలో ఏముందో చెప్పేస్తానని స్టాఫ్ రూములో గొప్పలు పోయేదాన్ని.

జూన్ నెలాఖరున ఒక గురువారం సాయంత్రం, డాక్టరుగారు వెళ్ళిపోయాక, పైడమ్మను తీసుకుని ఆమె కొడుకు అప్పలనాయుడు వచ్చాడు. వాళ్ళది సాలూరు వెళ్ళే దారిలో మెట్ట ఊరు. అప్పలనాయుడు పదిహేనో ఏట లారీ క్లీనరుగా వెళ్ళి, డ్రైవరై, సాలూరులోనే కాపురం పెట్టాడు. తండ్రి పోయి చాలా కాలమైంది. తల్లి ఒక్కతే ఊళ్ళో ఉండి ఎకరంన్నర చేను చేసుకుంటోంది. వయసెంతో ఆమెకూ తెలీదు, కొడుక్కూ తెలీదు. చూసి డెబ్బై ఎనిమిదని వేశాను.

కొడుకు తల్లిని బయట కూర్చోబెట్టి నాతో విడిగా చెప్పుకున్నాడు. తెల్లారకుండానే లేచి గెడ్డ, అంటే వాగు, దాటి చేలోకి పోతోందట. కాలు జారితే చూసేవాళ్ళు లేరు. మొన్న గుమ్మంలో నిలబడితే తనను ఎవరని అడిగిందట. అన్నింటికీ మించి, తినే చోళ్ళు, అదే రాగులు, ఉన్న కుండలో పొయ్యి బూడిద పోసి కలుపుతూ కూర్చుందట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని కళ్ళు తడయ్యాయి. అమ్మంటే ప్రాణం పెట్టే మనిషని చూస్తేనే తెలుస్తోంది. ఆమెను సాలూరు తీసుకుపోయి, చేను నీలగిరి మొక్కలు వేసేవాళ్ళకు ఇచ్చేద్దామని అనుకుంటున్నాడు. సోమవారం మొక్కలకు గోతులు తవ్వేవాళ్ళు వస్తామన్నారట. జబ్బని మేము చెబితే ఇక ఆలోచించేది లేదన్నాడు.

తర్వాత పైడమ్మను లోపలికి పిలిచాను. సన్నగా, గట్టిగా ఉంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఏ సంవత్సరం మామ్మా?" అన్నాను.

"మన్మథ," అంది.

నవ్వు ఆపుకున్నాను. ఈ వయసులో మన్మథుడేమిటి తల్లీ అనుకుని సున్నా వేశాను. ఇప్పుడు ఏ నెల, ఏ తేదీ అని అడిగాను.

"ఆరుద్ర సొచ్చింది కదా. రెండో పాదం నడస్తన్నాది."

ఆరుద్ర అంటే నాకు తెలిసింది ఒక్కటే, తొలకరికి నేల మీద పాకే ఎర్రటి మెత్తటి పురుగు. పురుగు వచ్చిందట, దాని పాదాలు నడవడం కూడా ఈమెకు కనిపిస్తోందట. లేనివి కళ్ళకు కనబడడాన్ని హాలూసినేషన్ అంటాం. రిమార్క్స్ గడిలో ఆ మాటే రాశాను. గొడుగు, బల్ల, రైలు అని మూడు మాటలు చెప్పి కాసేపటికి అడిగితే, మర్చిపోయానంది. నూరులోంచి ఏడు తియ్యమంటే, "నూరు ఏటి తల్లీ?" అని నన్నే ఎదురు అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పమన్నాను, కొంచెం విసురుగానే. మిగతా ప్రశ్నలకు ఆమె తన సంచికేసే చూస్తూ కూర్చుంది. తొమ్మిది మార్కులు వచ్చాయి.

ఫారం మడుస్తుంటే పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కాయితంలో ఏటి రాసావు తల్లీ? అది సూసి మావోడు నన్ను సాలూరు తీసుకుపోతాడు. సేను పోతాది. సేను నేకపోతే పొద్దున్న లేసి నానేటి సెయ్యాల?"

డాక్టరుగారు చూస్తారులే మామ్మా అని చెయ్యి విడిపించుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గుమ్మం దగ్గర కొడుకు అడిగేసరికి, డిమెన్షియా లాగే ఉంది, అంటే మెదడు మెల్లగా మరుపులో పడిపోయే జబ్బు, ఇక ఒంటరిగా ఉంచకండి అని చెప్పేశాను. అది చెప్పవలసింది డాక్టరుగారు. వచ్చే గురువారం తీసుకురమ్మన్నాను. అతను తల ఊపి తల్లి సంచి అందుకున్నాడు.

మర్నాడు భోజనాల దగ్గర ఈ కథంతా అభినయించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. నేలలు తుడిచే ఆయా గౌరమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడది గజపతినగరం వైపు మెట్ట ఊరు.

"ఇందులో నవ్వడానికి ఏటున్నాది నర్సమ్మా?" అంది. "ఈ ఏడు మన్మథే కదా. ఆరుద్ర కార్తె రెండో పాదమే కదా. ముసల్ది రైటే సెప్పింది."

అన్నం వదిలేసి గదికి వెళ్ళాను. నా కుర్చీ వెనకాల వేలాడుతున్న క్యాలెండరు పైనే ఉంది, శ్రీ మన్మథ నామ సంవత్సరం అని. జూన్ ఇరవై రెండు గడిలో ఆరుద్ర కార్తె అని ఉంది. కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు, దాన్ని నాలుగు పాదాలు చేస్తారట. నేను ఏ తేదీ అని అడిగితే, అక్షరం ముక్క రాని పైడమ్మ తన చేను నడిచే లెక్కలో ఉన్న రోజు ఉన్నట్టు చెప్పింది. నేనే ఆ క్యాలెండరుకు వీపు పెట్టి కూర్చుని ఆమెకు పిచ్చి అంటగట్టాను. నన్ను నేను సమర్థించుకోవాలంటే ఒక సాకు ఉంది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. మా నాన్న పున్నమి, అమావాస్య, గాలి, నీటి పోటు చూసుకునేవాడు. కార్తెల్లో నాకు తెలిసింది రోహిణి ఎండలు ఒక్కటే. కాని సాకు సాకే.

అప్పలనాయుడి సెల్లుకు ఆ రోజూ, శనివారమూ చేస్తూనే ఉన్నాను. లారీ ఒడిశా ఘాట్ రోడ్డులో ఎక్కడుందో, కలవలేదు. సోమవారం గోతులు తవ్వేస్తారు. డాక్టరుగారికి ఫోనులో ఉన్నమాట చెప్పి నాలుగు చీవాట్లు తిన్నాను. వెళ్ళి మళ్ళీ చూసి రమ్మన్నారు. ఆదివారం నా సెలవు. గౌరమ్మను బతిమాలి తోడు తీసుకుని పొద్దున్న బస్సెక్కాను.

పైడమ్మ చేలో ఉంది. మడి చేసి చోడి నారు పోసింది. జానెడు పచ్చదనం, దాని చుట్టూ కోళ్ళు రాకుండా కంప. మేము వెళ్ళేసరికి కలుపు ఏరుతోంది. నన్ను పోల్చుకోవడానికి మొహం బాగా దగ్గరకు తెచ్చింది. రెండు కళ్ళలోనూ తెల్లగా పొర ఉంది. కొడుకును గుమ్మంలో ఎవరని ఎందుకు అడిగిందో ఆ ఎండలో నాకు అర్థమైంది. గురువారం ఆసుపత్రి గదిలో ఆ కళ్ళకేసి నేను చూడనే లేదు.

తప్పు నాదని చెప్పాను. ఆమె కోప్పడలేదు. కూర్చోమని గట్టు చూపించింది. గౌరమ్మ సలహా మీద ఈసారి ప్రశ్న మార్చాను. ముప్పై కుంచాల చోళ్ళున్నాయి, ఏడేసి కుంచాలు తీసుకుంటూ పో అన్నాను.

"ఇరవై మూడు," అంది, కలుపు ఏరుతూనే. "పదారు. తొమ్మిది. రెండు. ఆ రెండూ ఇత్తనాలకి దాసేయాల. బూడిద కలిపి దాసేయాల, నేకపోతే పురుగు తినేస్తాది."

బూడిద సంగతి అదన్నమాట.

గంప, కొడవలి, గోగునార అని మూడు మాటలు చెప్పాను. కబుర్లలో పడ్డాక మళ్ళీ అడిగితే గంప, గోగునార చెప్పింది. రెండోది ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"ఒకటి పోనాది తల్లీ," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కొంచెం భయం వినబడింది. ఆ మరుపు నిజమైనదే, అది కూడా రాసుకున్నాను. ఒకసారి మార్కులు కోసేసినందుకు ఇంకోసారి ఊరికే వేసేయకూడదు.

ఇంతలో అప్పలనాయుడు వచ్చాడు, రేపటి పనికోసం. నన్ను చేలో చూసి కంగారు పడ్డాడు. నా తప్పు మొత్తం అతనికి విప్పి చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. అతను చదువుకున్నది కొద్దే గాని, తెల్ల బట్టలు వేసుకున్న మనిషి కాగితం మీద రాసింది తప్పంటే మింగుడు పడలేదు. మరి ఈ మధ్య అన్నీ మర్చిపోతోంది కదా మేడమ్ అన్నాడు.

పైడమ్మ కొడుకుతో వాదించలేదు. నారుమడి వైపు చూస్తూ మెల్లగా మాట్లాడింది.

"నువ్వు హస్తలో పుట్టావురా. గోగు కోసి నీళ్ళల్లో ఊరేసిన రోజులు. ఊరంతా ఒకటే కంపు. నిన్ను సూడ్డానికి వొచ్చినోళ్ళు ముక్కు మూసుకుని వొచ్చేరు. మీ అయ్య ఆశ్లేషలో పోనాడు. సోడి ఊడ్పులు సగంలో ఉన్నాయి. దినాలయ్యేక మిగతా సగం నానే ఊడ్సేను, ఇదుగో, ఈ సేను సెక్కే. ఆ యేడు నువ్వు లారీ ఎక్కేవు. సిత్త కార్తె, మూడో పాదం. వాన పడతన్నాది. నీ సంచిలో సోళ్ళ రొట్టి పెట్టేను. ఇయ్యన్నీ ఈ సేలోనే ఉన్నాయిరా నాకు. సాలూరు మేడ మీద కూకుంటే ఏటి సూసి గుర్తు సేసుకోవాల?"

అప్పలనాయుడు గట్టు మీద కూర్చున్నాడు. తను ఏ కార్తెలో పుట్టాడో అతనికి ఆ రోజు వరకూ తెలీదట. లేచి, కాస్త దూరం పోయి, సెల్లు తీసి గోతుల మేస్త్రీతో రేపు రావద్దని చెప్పాడు. ఆ పైన తల్లి పక్కన గొంతుకూర్చుని, ఏది కలుపో ఏది నారో అడుగుతూ పీకడం మొదలుపెట్టాడు. రెండుసార్లు నారే పీకి తిట్లు తిన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

గురువారం డాక్టరుగారు చూశారు. వయసుతో వచ్చే కొద్దిపాటి మరుపు, రెండు కళ్ళకూ శుక్లాలు అన్నారు. కళ్ళకు ఆపరేషన్ చేయించమన్నారు. చేను మానిపించవద్దని చీటీ మీద కూడా రాశారు, మందు రాసినట్టు. గెడ్డ దాటడానికి అప్పలనాయుడు తాటిదుంగలు రెండు వేయించి, పట్టుకునేందుకు వెదురు కట్టించాడు. నేను పాత ఫారం చింపేయలేదు. కొట్టివేసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాను. కొత్తగా చేరే నర్సులకు అది చూపించేదాన్ని. ఆ తర్వాత ఎవరు వచ్చినా ముందు మీరేం పని చేసేవారు, రోజులు ఎలా లెక్కపెట్టుకునేవారు అని అడిగేదాన్ని. ఒక ముసలాయన సంత రోజులతో చెప్పేవాడు, ఒకామె పొందూరు మగ్గం మీద దిగిన పంచెలతో చెప్పేది.

కథ అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. మూడేళ్ళు పైడమ్మ చేను చేసింది. 2018 చివర్లో అప్పలనాయుడు మళ్ళీ తీసుకొచ్చాడు. ఈసారి నిజంగానే మరుపు ముదిరిపోయింది. ఏ ఏడాదని అడిగితే నవ్వింది. ఏ కార్తె అంటే కొడుకు మొహంలోకి చూసింది. గోడ మీద క్యాలెండరు వైపు చూడమని నేను ఆశగా చెయ్యి చూపించాను. చూసి, బొమ్మ బాగుందంది. నేను పెన్ను కింద పెట్టేశాను.

అప్పలనాయుడు కంగారు పడలేదు. లారీ మానేసి రెండేళ్ళయిందట, సొంత ఊళ్ళోకే వచ్చేశాడట. ఆ ఏడు చోళ్ళు తనే చల్లి, ఊడ్చి, కోశాడట. విత్తనాల కుండలో బూడిద కూడా తనే కలిపాడట. అమ్మను రోజూ చేలోకి తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెడతానన్నాడు.

"మీకు కష్టంగా లేదా?" అని అడిగాను. "ఏమీ గుర్తు లేవు కదా ఆమెకు."

"గుర్తు నేకపోతే ఏటి మేడమ్," అన్నాడు. "నాకు సెప్పేసింది కదా."

మరుపు వచ్చిన మనిషిలో ఏం మిగిలిందో వెతకడమే మా పని అని అంతవరకూ అనుకునేదాన్ని. పోయిందనుకున్నది ఎవరి చేతికి ఇచ్చిందో కూడా అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను.