సంపూర్ణమ్మ సాక్ష్యం

నరసాపురంలో లేసు అల్లేవాళ్ళలో సంపూర్ణమ్మ పనితనానికి మంచి పేరుండేది. ఆమె అత్తగారిని కొడుతుందని మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు.

తొంభై ఆరు తుపాను వెళ్ళిన నెలకి అత్త తలుపులమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. సంపూర్ణమ్మ భర్త త్రిమూర్తులు వేటకని బోటెక్కితే వారం పదిరోజులకి గాని ఒడ్డుకి రాడు. ఉన్నది ఒకటే గది. ముసలామె మంచం పక్కనే సంపూర్ణమ్మ పీట, దారపుండలు. రోజుకి మూడుసార్లు పక్కబట్టలు మార్చాలి. పొద్దస్తమానం "సంపూర్ణా, సంపూర్ణా" అని పిలుపే. వీధిలోకి వెళ్ళి నిలబడినా ఆ పిలుపు వదిలేది కాదు.

పెళ్ళయిన ఐదేళ్ళకి సంపూర్ణమ్మ బాప్తిస్మం తీసుకుంది. అత్త మాత్రం తన అమ్మవారినే కొలుచుకుంటూ ఉండిపోయింది.

అప్పుడే మార్చిన దుప్పటి మళ్ళీ తడిసిందని సంపూర్ణమ్మ మొదటిసారి చెయ్యి చేసుకుంది. వెంటనే అత్త కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే. పదిరోజులు తిరక్కుండా మళ్ళీ కొట్టిందీ నిజమే.

ఒక ఏడాది ఈస్టరు ముందు నలభై రోజులూ ఉపవాసముండి ప్రార్థన చేసింది. అన్నాళ్ళూ చెయ్యెత్తలేదు. పండగనాడు చర్చిలో సంఘం ముందు లేచి, "ప్రభువు నా కోపాన్ని తీసేశాడండి" అని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ వచ్చిన బుధవారంనాడే ముసలామె చెయ్యి తగిలి గంజిగ్లాసు బోర్లాపడింది. నెలరోజులుగా అల్లుతున్న టేబుల్‌క్లాత్ తడిసిపోయింది. సంపూర్ణమ్మ ఆ చేతినే పట్టుకుని మెలిపెట్టింది. మోచేతి పైన నల్లగా కమిలింది.

సాయంత్రం తల్లిని చూడ్డానికొచ్చిన ఆడపడుచు సత్యవాణి, "ఏంటమ్మా ఇది?" అనడిగింది.

"మంచంపట్టి తగిలిందే," అంది తలుపులమ్మ, కోడలివైపు చూడకుండా.

ఆ తర్వాత మూడు ఆదివారాలు సంపూర్ణమ్మ ప్రార్థన గుడి ఛాయలకి పోలేదు. ఇంట్లో మోకరించినా ప్రార్థన మొదలుపెట్టకుండానే లేచిపోయేది. నాలుగో ఆదివారం అత్తే అడిగింది.

"మీ గుడికి వెళ్ళట్లేదేంటే?"

"నాలాంటిదానికి గుడెందుకత్తా?"

"వెళ్ళొచ్చిన నాడు నీ చెయ్యి మెత్తగా ఉంటదే. నా కోసవైనా వెళ్ళు."

వెళ్ళింది. గుమ్మం దగ్గర కూర్చుంది. సాక్ష్యాల వేళకి లేచి నిలబడింది.

"మొన్న పండక్కి నేను చెప్పింది నిలబడలేదండి. నా కోపం పోలేదు. మంచాన పడ్డ మా అత్తని కొడతన్నాను. నా వల్ల అవట్లేదు. అయినా ప్రభువుని వదల్లేకపోతన్నానండి."

ఈసారి స్తోత్రం అన్నవాళ్ళు లేరు. ఆరాధన అయ్యాక పాస్టరు సత్యప్రసాద్‌గారు ఆమెని ఆపారు. "రేపట్నుంచి మా ఇంటావిడ మధ్యాహ్నం రెండు గంటలు మీ అత్తగారి దగ్గర కూర్చుంటుందమ్మా. ఆ కాసేపూ నువ్వు ఇంట్లో ఉండకు. గోదారిగట్టుకి వెళ్ళు."

తలుపులమ్మ మరో రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళలో సంపూర్ణమ్మ ఇంకో రెండుసార్లు చెయ్యి చేసుకుంది. రెండుసార్లూ ఆ వచ్చిన ఆదివారమే సంఘంలో లేచి తనే చెప్పుకుంది. జనం తలలు దించుకుని విన్నారు. రెండోసారి ఆమె కూర్చోబోతుంటే, ఆడవాళ్ళ వరసలోంచి ఇంకొకామె లేచింది.

"నాకూ ఒకటి చెప్పుకోవాలనుందండి," అంది.