తమ్ముడి పరికిణీ

మొన్న ఏలూరులో మా మనవరాలి రిసెప్షన్‌కి చుట్టాలంతా చేరిన వేళ, పెళ్ళికూతురి తమ్ముడు, అంటే నా మనవడు, నల్లటి కుచ్చిళ్ళ స్కర్టొకటి పిక్కల దాకా కట్టి, పైన కోటు తొడుక్కుని దర్జాగా నడిచొచ్చాడు. నా మొహం ఎలా అయి ఉంటుందో మన ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నలుగురిలో ఉన్నానన్న జ్ఞానం కూడా లేకుండా "మగాడివై ఉండి ఇదేం వేషంరా?" అనేశాను. వాడు ఏమాత్రం తడబడకుండా, "మీ లుంగీకి కుచ్చిళ్ళు పెట్టినట్టే కదండీ తాతయ్యా," అన్నాడు. అందరూ గొల్లున నవ్వి, వాడితో ఫొటోలు దిగడానికి ఎగబడ్డారు. నా పక్కన కూర్చున్న మా తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఒక్కసారి నావైపు చూసి తల తిప్పుకున్నాడు. నా నోట ఆ మాట వాడు వినడం అది రెండోసారి.

నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని తమ్ముడు పుట్టగానే, పెంటపాడు దగ్గర మా ఊళ్ళో అప్పట్లో ఉన్న ఆనవాయితీ ప్రకారం, వాణ్ణి చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచితే, మా మేనత్త గుప్పెడు తవుడిచ్చి కొన్నట్టుగా తెచ్చి అమ్మ ఒళ్ళో వేసిందట. ముక్కు కుట్టించారు. ఆడపిల్ల అనుకుని యముడు చూపు తిప్పుకుంటాడని, ఐదేళ్ళు నిండి చిన్న తిరుపతిలో తలనీలాలిచ్చేదాకా వాడికి పరికిణీయే కడతానని అమ్మ మొక్కుకుంది. తన పాత చీర కోసి ఆకుపచ్చ పరికిణీ కుట్టింది. వాడు అది కట్టుకుని గిర్రున తిరిగి, గుడ్డ గుండ్రంగా విచ్చుకోగానే చటుక్కున కూలబడి, పొంగిన కుచ్చిళ్ళని రెండు చేతులా అణుస్తూ మురిసిపోయేవాడు.

నాకేమో తల కొట్టేసినట్టుండేది. మీ చెల్లాయికి మీసాలెప్పుడొస్తాయిరా అని బడిలో ఏడిపించేవారు. మొక్కు తీరడానికి ఇంకో నెల ఉందనగా, ఒక సాయంత్రం ఉక్రోషం పట్టలేక వాణ్ణి కాలవగట్టుకి లాక్కెళ్ళి, మగాడివై ఉండి ఇదేం వేషంరా అంటూ పరికిణీ ఊడదీసి నీళ్ళలోకి విసిరేసి, నా పాత లాగొకటి తొడిగాను. ఇంటికొచ్చేసరికి అమ్మ కొయ్యబారిపోయింది. ఎవర్రా తీసిందని అడిగితే, నేను చెప్పమనకుండానే వాడు, "నేనే పారేశానమ్మా," అన్నాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసి, వెంటనే వాణ్ణే పట్టుకుని బావురుమంది. కిక్కురుమనకుండా నిలబడ్డాను, సిగ్గులేనివాణ్ణి! మర్నాటికి వాడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో పదిరోజులు ఉంచితేగాని కోలుకోలేదు.

రిసెప్షన్ మర్నాడు పొద్దున్న కాఫీలు తాగుతుంటే, ఆ రోజు నీ మీద దెబ్బ పడనిచ్చాను, తప్పయిపోయిందిరా అని ఇన్నేళ్ళకి తమ్ముడితో అనగలిగాను. వాడు గ్లాసు కింద పెట్టి, "దెబ్బదేముంది అన్నయ్యా, ఎప్పుడో మర్చిపోయాను. ఆ పరికిణీ అంటేనే నాకు ప్రాణం. మొక్కు తీరినా దాచుకుందామనుకున్నాను," అన్నాడు.

రోజులు ఎంత మారిపోయాయండీ! మా ఇంట్లో ఒక పిల్లాడు బతికి బట్టకట్టడానికి పరికిణీ కట్టవలసి వచ్చింది. ఇప్పటివాడు తన సరదా కోసం కట్టుకుని వస్తే ఎవరూ కాదనడం లేదు. కానీ ఈ మార్పేదీ అమ్మ దాకా వెళ్ళదు. గడువుకి ముందే మొక్కు తప్పింది తను పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండకపోవడం వల్లేనని, జ్వరం తగ్గిన నాటి నుంచి కన్నుమూసేదాకా ఆవిడ ప్రతి శనివారం పస్తుండేది. నేను ఆవిడ ఎదుటే కూర్చుని కడుపునిండా తినేవాణ్ణి. అడిగి అడిగి ఆవిడే వడ్డించేది.