ఎక్కువ కొట్టినవాడే ఫేవరెట్

ఒక పెద్దమనిషి పరువు, ఒక వ్యాను డీజిలు, ఒక వెబ్‌సైటు మర్యాద, ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం గంగలో కలిపిన ఘనత నాది. ఎలా కలిపానో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. తిట్టాలనిపిస్తే మాత్రం ఆగండి. ఆ పని నేను ముందే చాలాసార్లు చేసుకున్నాను.

అప్పట్లో నేను నందిగామలో ఒక మేడమీద గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఇప్పుడూ అక్కడే ఉన్నాను, ఆ సంగతి వదిలేయండి. ఒక చిన్న తెలుగు వార్తల వెబ్‌సైటులో ఉద్యోగం. విజయవాడలో ఆఫీసు ఉన్నన్నాళ్లు పక్క కుర్చీలో ఎవరో ఒకరు ఉండేవారు. అద్దె దండగ అని యాజమాన్యం ఆఫీసు మూసేసి, ఇకపై అందరూ హాయిగా ఇంటి నుంచే పని చేసుకోండి అంది. ఆ హాయి ఎలాంటిదంటే, పొద్దున్నే పాలాయనతో "ఒక ప్యాకెట్ చాలండి" అన్నాక మళ్లీ మర్నాడు పాలాయన వచ్చేదాకా నాకు నోరు తెరిచే పని ఉండేది కాదు. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి అప్పుడప్పుడూ కుక్కర్‌తో మాట్లాడేదాన్ని. అది విజిల్ వేసి జవాబు చెప్పేది. మా ఆఫీసు గ్రూపులో ఆ మాత్రం జవాబిచ్చేవాళ్లు కూడా లేరు.

నా పని వంటల పేజీ చూడడం, రాశిఫలాల్లో అచ్చుతప్పులు దిద్దడం. ఒకరోజు మా డెస్క్ ఇన్‌ఛార్జి ప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"సునీతా, స్పోర్ట్స్ చూసేవాడు సెలవు పెట్టాడు. హైదరాబాద్‌లో సీనియర్ ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్ మొదలవుతోంది. ప్రివ్యూ రాసిపెట్టు."

"నాకు గోల్ఫ్ తెలీదు సార్."

"ఆడమన్నానా? రాయమన్నా. ఎవరెవరు ఆడుతున్నారు, ఎవరికి ఛాన్సుంది, అంతే. వాళ్లలో ఒకాయనది జగ్గయ్యపేటంట. నీకు పక్కూరేగా! లోకల్ యాంగిల్ గట్టిగా పట్టు. సాయంత్రానికల్లా నాకు కావాలి."

"అది కాదు సార్..." అనేసరికి ఫోన్ పెట్టేశారు. నిజం చెప్పొద్దూ, ఎవరో ఫోన్ చేసి అంతసేపు మాట్లాడారన్న సంతోషంలో నేను కాదనే అవకాశాన్ని చేజార్చుకున్నాను.

ఇక్కడ మీకు నా క్రీడా పరిజ్ఞానం గురించి చెప్పాలి. మా నాన్న తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలకి టేపు పట్టేవారు. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక జత ఎడ్లు పెద్ద రాతిబండని లాగుతాయి. ఇచ్చిన టైములో ఎక్కువ దూరం లాగిన జతకి మొదటి బహుమతి. పళ్లు చూసి ఎడ్ల వయసు లెక్కగట్టి, దాన్ని బట్టి విభాగాలు చేస్తారు. అన్నిటికీ పైన ఉండేది సీనియర్స్ విభాగం. సీనియర్స్ అంటే ముసలి ఎడ్లు కావండోయ్! కాలు దువ్వితే నేల అదిరే కొండలు. వాటిని చూడ్డానికే జనం పొరుగు జిల్లాల నుంచి వస్తారు. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని నేను చూసిన ఆట అదొక్కటే. నాన్న పోయాక అదీ చూడలేదు.

నిర్వాహకులు పంపిన కాగితంలో ఆటగాళ్ల పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన కిందటి టోర్నమెంటు స్కోరు ఉంది. ఒకాయనది రెండువందల ఏడు. ఇంకొకాయనది రెండువందల పదకొండు. మన జగ్గయ్యపేట ఏసురత్నం గారిది రెండువందల నలభై ఎనిమిది! ఆ కాగితం మొత్తంలో అంతకు మించిన అంకె లేదు.

గూగుల్‌లో చూసుకోవచ్చుగా అంటారు మీరు. చూశాను. ఒక వీడియోలో ఎవరో బంతిని కొడితే అది కంటికి ఆనకుండా పోయింది, జనం చప్పట్లు కొట్టారు, తెరమీద దూరం ఎంతో చూపించారు. దూరం, చప్పట్లు, సీనియర్స్. నాకింకేం కావాలి? వీడియో ఆపేశాను. పక్కన ఎవరైనా మనిషి ఉంటే "ఇది కరెక్టేనా?" అని అడిగేదాన్ని. కుక్కర్‌ని అడగలేదు. అడిగినా అది విజిలే వేసేది.

రాసేశాను. ఎలా రాశానో కొంచెం రుచి చూడండి: "సీనియర్స్ విభాగమంటేనే హేమాహేమీల బరి. ఈసారి ఆ బరిలో తిరుగులేని ఫేవరెట్ మన జగ్గయ్యపేట సింహం ఏసురత్నం. కిందటిసారి ఏకంగా 248 సాధించి ప్రత్యర్థులను ఆమడ దూరంలో నిలిపారు. 207తో సరిపెట్టుకున్న బలహీన ఆటగాళ్లు ఈసారైనా ఆయన దరిదాపులకు వస్తారేమో చూడాలి." 'బలహీన ఆటగాళ్లు' అన్న మాట దగ్గర నా వీపు నేనే తట్టుకున్నాను. తట్టేవాళ్లు ఇంకెవరూ లేరు కదా.

ప్రసాద్ గారికీ గోల్ఫ్ తెలియదు. "అదరగొట్టావ్" అని సైటులో పెట్టేశారు. మర్నాటికి జగ్గయ్యపేట వాట్సప్ గ్రూపులన్నిట్లో ఆ సింహమే తిరుగుతోంది. ఆ మర్నాడు పొద్దున్నే నాకొక ఫోన్.

"సునీత గారేనాండి? నేను ఏసురత్నాన్నండి. గోల్ఫు."

"నమస్తే సార్! చదివారా?"

"చదివానండి. నేను ఫేవరెట్టన్నారు."

"మరి మీ ఫామ్ అలాంటిది సార్."

అటువైపు కాసేపు దగ్గు వినబడింది. "గోల్ఫులో తక్కువ దెబ్బల్లో ముగించినోడు గెలుస్తాడండి."

నేను గోడ పట్టుకున్నాను. "అంటే... రెండువందల నలభై ఎనిమిదంటే?"

"ఆఖరండి. సీనియర్సంటే యాభై దాటినోళ్లం కదండి, నా వెనకాల ఇంకొకాయన ఉండాల్సింది గానీ, పాపం నడుం పట్టేసి మధ్యలో ఇంటికెళ్లిపోయాడు."

"సార్, క్షమించండి సార్. ఇప్పుడే తీయించేస్తా. సవరణ వేయిస్తా..."

"వద్దమ్మా, వద్దు!" అన్నారాయన గాభరాగా. అండీలు పోయి అమ్మ వచ్చేసింది. "నిన్నట్నుంచి నా ఫోను మోగతానే ఉంది. మా అక్క చేసింది. చిన్నప్పుడు నాతో బడికొచ్చినోళ్లు చేసారు. మాట్లాడి మాట్లాడి చార్జింగ్ అయిపోయిందమ్మా! మా ఆవిడ పోయాక ఆ ఫోను అలారానికే గానీ దేనికీ పనికిరాలా. ఇప్పుడు వాళ్లంతా వ్యాను మాట్టాడుకుని నా ఆట చూట్టానికి వస్తన్నారంట. ఆట అయిందాకా ఆగు తల్లీ. ఆ తర్వాత ఏం సవరించుకుంటావో సవరించుకో."

"వాళ్లకి అక్కడ తెలిసిపోదా సార్?"

"అందుకే నువ్వూ వాళ్లతో రా. ఎవరికన్నా అనుమానమొస్తే నువ్వు సర్దిచెప్పు. రాసినదానివి, నీ మాట నమ్ముతారు."

ఊళ్లో చిన్నప్పుడే ఇల్లు వదిలి, హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆటగాళ్ల బ్యాగులు మోసే పనిలో చేరి, చూసి చూసి ఆట నేర్చుకుని ప్రొఫెషనల్ అయిన మనిషి ఆయన. గెలిచింది ఎప్పుడూ లేదు. తనవాళ్ల ముందు ఒక్కరోజు గొప్పగా ఉండాలన్న ఆయన ఆశ ఇప్పుడు నా నోటిమీద ఆధారపడింది. ఆ నోరు చూస్తే వాడకం లేక తుప్పు పట్టి ఉంది.

ఆఖరి రోజు ఆటకి బయల్దేరాం. నందిగామలో బస్సెక్కి చిల్లకల్లులో దిగేసరికి వ్యాను సిద్ధంగా ఉంది. ముందు అద్దం పైన ఫ్లెక్సీ: 'సీనియర్ సింహానికి విజయీభవ'. ఏసురత్నం గారి అక్క కరుణమ్మ గారు నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుని, ఒళ్లో పులిహోర డబ్బా పెట్టారు.

"తినమ్మా. ఇంత సన్నంగా ఉన్నావేంటి? వంటెవరు చేస్తారు?"

"నేనేనండి."

"ఎవరితో కూర్చుని తింటావ్?"

"ఫోన్ చూస్తూ తింటానండి" అన్నాను. ఆవిడ ఇంకో గరిటె వడ్డించారు. నిజానికి ఆ పులిహోరలో ఉప్పెక్కువ. అయినా డబ్బా నాకినంత పని చేశాను. వ్యానులో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు, అరుస్తున్నారు, పాటలు పాడుతున్నారు. అంత గోల విని నాకు ఎన్నాళ్లయిందో! ఈ మనుషులకి అబద్ధం చెబుతున్నానన్న బాధ ఒకపక్క, నిజం తెలిస్తే నన్ను దారిలో దించేస్తారన్న భయం ఇంకోపక్క. గరికపాడు దగ్గర దాబాలో టీకి ఆగాం. అక్కడి నుంచి డ్రైవర్ సైదులు నన్ను అద్దంలోంచి జాలిగా చూస్తూ బండి నడిపాడు. నా భయం నాకుంది కాబట్టి అతని జాలి నేను పట్టించుకోలేదు.

గోల్ఫ్ మైదానం చూసి మావాళ్లు నోరెళ్లబెట్టారు. "ఇంత గడ్డి ఊరికే వదిలేసారేంటి, మన గేదెలన్నిటికీ ఏడాది మేత!" అన్నారొకరు. ఏసురత్నం గారు తెల్ల టోపీ పెట్టుకుని వచ్చారు. బక్కగా, పొట్టిగా ఉన్నారు. సింహం పోలిక ఎక్కడా లేదు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపబోయి, కర్ర కింద పడేసుకున్నారు.

మొదటి దెబ్బకే మావాళ్లు ఎడ్లని అదిలించినట్టు "హెయ్, హెయ్!" అని కేకలు పెట్టారు. ఒక వాలంటీరు పరిగెత్తుకొచ్చి, "సైలెన్స్ అండి! ఈ ఆటలో అరవకూడదు" అన్నాడు.

"అరవకపోతే బంతెట్టా కదుల్తది?" అన్నారు కరుణమ్మ గారు.

బంతి చెట్లలోకి పోయింది. తర్వాతది ఇసుకలోకి. ఆ తర్వాతది చెరువులోకి, అదీ తిన్నగా మధ్యలోకి. నేను గొంతు సవరించుకుని సర్దిచెప్పడం మొదలుపెట్టాను. "నీళ్లలో పడితే మంచిదండి. ఇంకో దెబ్బ కొట్టనిస్తారు."

"అయితే దెబ్బ ఎక్కువొచ్చినట్టేగా?"

"ఎక్కువేనండి."

"శబాష్!" అని వాళ్లు గుసగుసగా అరిచారు. మిగతా ఆటగాళ్లు బంతి గుంటలో వేస్తే మావాళ్లు జాలిపడ్డారు. మన ఏసురత్నం గారు గుంట చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే ఒక్కో దెబ్బకి ఒక్కో శబాష్. ఆయన మెల్లగా మావైపు తిరిగి చూసేవారు. అంతమంది తనకోసం నిలబడి ఉన్నారని నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ చూసేవారు, అందుకే ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టారని నా అనుమానం.

ఆట ముగిసింది. ఏసురత్నం గారు ఆఖరి స్థానాన్ని ఎవరికీ వదల్లేదు. అక్కడ గెలిచినాయన కప్పు అందుకుంటుంటే, ఇక్కడ మావాళ్లు ఓడినాయన మెళ్లో బంతిపూల దండ వేసి భుజాలకెత్తారు. కప్పాయన దగ్గరికన్నా మా దగ్గరే జనం ఎక్కువున్నారు. అక్క చెయ్యి పట్టుకుని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి, "బాగా రాసావమ్మా" అన్నారు. నా జీవితంలో నేను రాసినదానికి వచ్చిన మెప్పు అదొక్కటే, అదీ పచ్చి అబద్ధానికి.

తిరుగుదారిలో నాకు మనసాగలేదు. "కరుణమ్మ గారూ, మీకొకటి చెప్పాలండి. గోల్ఫులో..."

"తక్కువ కొట్టినోడు గెలుస్తాడు. తెల్సు" అన్నారావిడ.

ఖాళీ పులిహోర డబ్బాకి మూత బిగిస్తూ చెప్పారు.

"నువ్వు గరికపాడులో చేతులు కడుక్కోటానికి వెళ్లినప్పుడు సైదులు సెల్లులో చూసి చెప్పాడు. ఆడు రెండు చదువులు ఎక్కువే చదివాడు."

"మరి... ఎందుకండీ ఎవరూ నాతో అనలేదు?"

"చిన్నపిల్లవి, తప్పు రాసానని బాధపడతావని" అన్నాడు సైదులు అద్దంలోంచి.

"మరి వెనక్కి రాలేదేంటండి?"

కరుణమ్మ గారు కిటికీలోంచి బయటికి చూశారు. "వాడు ఓడతన్నాడని తెల్సి వెనక్కెట్టా వస్తాం? గెలుస్తాడంటే గానీ వెళ్లాలని తోచలా మాకు. ఇన్నేళ్లూ వాడక్కడ ఒక్కడే ఉన్నాడు. సిగ్గుపడాల్సింది మేమమ్మా, నువ్వు కాదు. వాడితో మాత్రం అనకు."

నేను వాళ్లని కాపాడుతున్నాననుకుంటూ చెమటలు కక్కుతుంటే, వ్యానంతా కలిసి నన్ను కాపాడుతోందన్నమాట! ఇంత పెద్ద మోసం నా మీద ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు. చెయ్యడానికైనా దగ్గర ఎవరున్నారు గనక?

చిల్లకల్లు వచ్చింది. ఇక్కడే అసలు ఘోరం జరిగింది. ఇంతసేపూ మీరు ఘోరం ఆ ప్రివ్యూ అనుకున్నారు కదూ? కాదు. వినండి.

కరుణమ్మ గారు నా చెయ్యి వదలకుండా, "పేటకొచ్చి అన్నం తిని పో. కోడికూర వండమని చెప్పా. రేపు పొద్దున బస్సెక్కుదువులే" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "పర్లేదండి, పనుంది" అన్నాను.

ఏం పని! ఆదివారం సాయంత్రం, రాశిఫలాల్లో కన్యారాశివారికి ధనలాభమా ధననష్టమా అని దిద్దే పని! ఒంటరిగా ఉండి ఉండి ఎవరు పిలిచినా కాదనడం నాకు అలవాటైపోయింది. నోరు దానంతటదే అనేసింది. ఆవిడ రెండుసార్లు అడిగి, "సరేనమ్మా, నీ ఇష్టం" అని చెయ్యి వదిలేశారు. వ్యాను పేట వైపు తిరిగిపోయింది. నందిగామ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తెలిసిన తిట్లన్నీ వరసగా నన్నే తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

మర్నాడు సవరణ పంపితే ప్రసాద్ గారు, "ఎవరూ అడగలేదుగా, వదిలెయ్. వచ్చేవారం బిలియర్డ్స్ రాస్తావా?" అన్నారు.

కనుక, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. తెలియని ఆటకి ఇక నా జన్మలో ప్రివ్యూ రాయను. ఎవరైనా అన్నానికి పిలిస్తే, వాళ్లు రెండోసారి అడిగేదాకా కూడా ఆగకుండా చెప్పులేసుకుని బయల్దేరతాను.

ఈ ప్రమాణాన్ని ఇప్పటివరకు ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతవరకు ఎవరూ పిలవలేదు.