ముఖ్య అతిథి కోసం ఆగని తల్లిచేప

మా అక్క ఫోన్ చేస్తే హలో అనడం, క్షేమసమాచారాలు అడగడం ఉండవు. "ఒరే సూరీ, రేపు కొరాపుట్ ఎల్లు. అమ్మిని తీసుకొచ్చీ," అంది. నా ప్రయాణానికి కారణం అదే. కొండలు పిలిచాయని రాసుకునేవాళ్ళు ఉంటారు, నన్ను పిలిచింది మాత్రం మా అక్కే.

అక్కది రాయగడ. బజార్లో పప్పులు, బెల్లం, నూనెల టోకు వ్యాపారం. నాది విజయనగరంలో అదే సరుకుల చిల్లర కొట్టు. మా రెండిళ్ళలోనూ కోడిగుడ్డు అన్న మాట గొంతు తగ్గించి అనాలి. బేకరీ కేకులో గుడ్డు ఉంటుందని అక్క తన కూతురు హైమ (అమ్మి అంటే ఈ పిల్లే) పుట్టినరోజులన్నిటికీ పళ్ళెంలో కొబ్బరి లౌజు పరిచి, దాని మీద కొవ్వొత్తి గుచ్చేది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల జంతుశాస్త్రం చదివి, కొలాబ్ జలాశయం దగ్గరున్న ఒక కేంద్రంలో చేపలకు పురుడు పోసే పరిశోధనకు చేరింది.

మహసీర్ అని బంగారు రంగు పొలుసుల కొండవాగు చేప. ఏటిలో ఏటేటా తగ్గిపోతోందట. చెరువులో వేస్తే పెరుగుతుంది గానీ తనంతట తాను గుడ్లు పెట్టదు. సూదిమందు వేసి, పండిన గుడ్లు చేత్తో తీసి, మగచేప పాలు, అంటే వీర్యం, కలిపి పిల్లల్ని పుట్టించాలి. ఇదీ హైమ పని. మొదటి ఏడాది పై అధికారులు తనిఖీకి వస్తే, భోజనాల హడావుడిలో ఎవరో ఆ తల్లిచేపనే పులుసు పెట్టి వడ్డించారు. తనిఖీ తృప్తికరంగా జరిగిందని రాసుకెళ్ళారు. రెండో ఏడాది గుడ్లు తీసే వేడుకకు రావలసిన పెద్దమనిషి మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఈలోగా గుడ్లు పాడైపోయాయి. దాంతో అక్క షరతు పెట్టింది. మూడోసారి కూడా పిల్లలు పుట్టకపోతే చదువు కట్టిపెట్టి, కొత్తగా తెరిచిన రెండో కొట్టులో కూర్చోవాలి. హైమ సరే అంది. పుట్టవని అక్కకు ఎంత నమ్మకమంటే, ఫలితం రాకముందే సామాన్లు సర్దించడానికి నన్ను పంపింది.

ఉదయం ఐదున్నరకు విజయనగరంలో బండెక్కాను. రెండో తరగతి, కిటికీ పక్క సీటు. ఎనిమిదింపావుకి రాయగడ. అక్క ప్లాట్‌ఫారం మీద పులిహోర పొట్లంతో నిలబడి ఉంది. "ఐదో రోజు తిరుగుబండికి మీ ఇద్దరికీ కేరేజీ తెస్తాను. ఒక్కడివే వచ్చేవంటే సూడు మరి," అంది. ఈ బెదిరింపుకు నేను ఐదో ఏట నుంచి అలవాటు పడ్డాను, అయినా పులిహోర సరిగా దిగలేదు.

రాయగడ దాటాక కొండలు, సొరంగాలు. ఈ దారిలో వెళ్ళబోయేవారికి నా సలహా ఒకటే: మీరు ఏ వైపు కూర్చున్నా లోయ రెండో వైపే ఉంటుంది, కాబట్టి సీటు కోసం కొట్లాడకండి. ఎదురుగా, టికిరిలో దిగి డొరగుడ వెళ్ళే మెకానిక్ ఒకాయన కూర్చున్నాడు. సొంతూరు బొబ్బిలి దగ్గరట. నేను చేపల పరిశోధన కేంద్రానికి వెళ్తున్నానంటే చాలాసేపు నవ్వాడు.

"సేపలో పరిశోధించడానికి ఏటుంది బాబూ? వేపుడా, పులుసా అన్నదే గదా!"

"అది మొదటి ఏడాదే తేలిపోయిందండి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. టికిరిలో దిగిపోతూ, వచ్చేటప్పుడు రెండు చేపలు తెచ్చిపెట్టమన్నాడు.

ఒంటిగంట దాటాక కొరాపుట్. వాన పడుతోంది. స్టేషన్ బయట హోటల్లో అన్నం, కూరముక్కలు వేసిన దాల్మా పప్పు, పది రూపాయలకు టీ. ఉల్లిపాయ వేశారా అని మూడుసార్లు అడిగితే హోటలాయన నన్ను రోగిననుకుని గంజి ఇవ్వబోయాడు. షేర్ జీపులో పన్నెండుమందిమి, ఒక మేక, ఆనపకాయల బస్తా. మూడింటికి కేంద్రం గేటు దగ్గర దిగాను.

గేటుకు కొత్తగా రంగు వేశారు. పైన పెద్ద ఫ్లెక్సీ. మర్నాడు ఉదయం పది గంటల పది నిమిషాలకు ముఖ్య అతిథి గారు స్వహస్తాలతో మహసీర్ గుడ్లు తీస్తారని మూడు భాషల్లో ఉంది. ముఖ్య అతిథి బొమ్మ గుమ్మడికాయంత, చేప బొమ్మ చిక్కుడుకాయంత.

హైమ రబ్బరు బూట్లతో నడుములోతు నీళ్ళ తొట్టిలో నిలబడి ఉంది. "మావయ్యా, సరిగ్గా టయానికి వచ్చేవు. ఇప్పుడే సూదిమందు ఏసేను," అంది. మర్నాడు పదింటికల్లా గుడ్లు పండేలా వెనక్కి లెక్కగట్టి వేసిందట. గుళ్ళో ముహూర్తం పెట్టినట్టు చేపకు పెట్టింది పిల్ల.

"అమ్మ పంపించింది గదా?" అంది తల తిప్పకుండానే.

"చూసి రమ్మంది," అన్నాను. అబద్ధం నా మొహంలోనే కనిపించి ఉంటుంది.

"ఈ ఏడాది పండిన తల్లి ఇదొక్కటే మావయ్యా. ఇది పోతే నా ఫెలోషిప్పూ అయిపోతాది. కొట్లో కూసుంటాను, నేనేటీ అనను." కందిపప్పు తూచుతూ కూర్చున్న ఆ పిల్లను ఊహించుకున్నాను. నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. అయినా ఎందుకో ఆ పిల్ల చేతికి త్రాసు నప్పలేదు.

కేంద్రం ఇన్‌చార్జి గారు సాయంత్రం వచ్చి హైమకు ఒక కాగితం ఇచ్చారు. ముఖ్య అతిథి రాకముందు ఎవరూ తల్లిచేపను తాకరాదని ఆదేశం. "ఆలస్యమైతే?" అని హైమ అడిగింది. "కార్యక్రమం వివరాలన్నీ పైకి పంపేశామమ్మా," అన్నారాయన ధైర్యం చెబుతూ. చేపకు మాత్రం ఒక ప్రతి అందినట్టు లేదు.

మర్నాడు ఏకాదశి. నాకు అన్నం ఉండదు. మా ఆవిడ సంచిలో పెట్టిన అరకిలో సన్న సగ్గుబియ్యం అతిథిగదిలోనే కడిగి డబ్బాలో నానబెట్టుకున్నాను, హైమ స్టవ్ మీద ఉప్మా చేసుకుందామని. తొమ్మిదింటికి డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్తే అక్కడ హైమ ఒక్కతే ఉంది. తక్కినవాళ్ళంతా గేటు దగ్గర. కొందరు తోరణాలు కడుతున్నారు, కొందరు తివాచీ మీద పడ్డ వాన తుడుస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ చేపల్ని చూసుకుంటున్న మంగళ దాదాకు తలపాగా చుట్టి డోలు వాయించడానికి నిలబెట్టారు.

తొమ్మిదీ నలభైకి హైమ తల్లిచేప పొట్ట మీద వేలితో మెత్తగా నొక్కి చూసింది. రెండు గుడ్లు జారాయి. పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ. పిల్ల మొహం వెలిగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. ముఖ్య అతిథి ఇంకా బయల్దేరలేదట, పూజలో ఉన్నారట. పదకొండు దాటాక కదులుతారట. ఇన్‌చార్జి గారు ఫోన్‌లోనే మళ్ళీ ఆదేశం చదివారు.

హైమ తొట్టి గట్టు మీద కూలబడింది. "గంటలో తియ్యకపోతే గుడ్లన్నీ సచ్చిపోతాయి మావయ్యా."

"అయితే తియ్యి."

"పట్టుకోడానికి మనిషేడీ? నాలుగు కిలోల సేప. ఒక్కదాన్నీ పట్టుకుని నొక్కలేను."

ఇప్పుడు చెప్పాల్సిన మాట నాకు బాగా తెలుసు. పోనీలేవే అమ్మీ, పద, సామాన్లు సర్దు అనాలి. అందుకే నన్ను టికెట్టు కొనిచ్చి పంపారు. నేను మాత్రం డబ్బా గట్టు మీద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి నీళ్ళలో ముంచాను. ఎందుకు ముంచానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ పిల్ల ఏడవకుండా కూర్చోవడం నేను చూడలేకపోయాను, అంతే.

యాభై రెండేళ్ళ జీవితంలో మొదటిసారి చేపను ముట్టుకున్నాను, అదీ ఏకాదశి పూట. తువ్వాల్లో చుట్టి, తల చంకలోకి వచ్చేలా పట్టుకోమంది. చల్లగా, జారుతూ, బియ్యం బస్తా కన్నా మొండిగా ఉంది. హైమ పొట్ట మీద పైనుంచి కిందికి నిమిరింది. పొడి పళ్ళెంలోకి గుడ్లు ధారగా జారాయి. తర్వాత రెండు మగచేపలు, నా చంకలోనే. వాటి పాలు గుడ్ల మీద పడ్డాక హైమ కోడి ఈకతో మెల్లగా కలిపింది. కోడి ఈక అని తెలిసి కూడా నేను నోరెత్తలేదు, అప్పటికే పోవలసిందంతా పోయింది. నీళ్ళతో కడిగి, ట్రేలో పరిచి, వెనక షెడ్డులో చీపుర్లు పెట్టే గదిలో కుళాయి ధార కింద ఉంచింది. తలుపు మీద శుభ్రపరిచే సామగ్రి అని రాసి ఉంది. ఆ కేంద్రంలో పై అధికారులెవరూ తలుపు తీయని గది అదొక్కటేనట.

అప్పుడు అసలు భయం మొదలైంది. ముఖ్య అతిథి వచ్చి నొక్కితే ఏం రాలాలి?

హైమ ఖాళీ పళ్ళెం వైపు చూస్తోంది. నేను గట్టు మీది నా డబ్బా వైపు చూశాను. నానిన సన్న సగ్గుబియ్యం, గుండ్రంగా, ఉబ్బుగా. అలమారలో చేపల గాయాలకు రాసే పసుపు సీసా ఉంది. కల్తీ సరుకు పట్టుకోవడంలో మా బజార్లో నాకు పేరుంది. కలపడం మాత్రం ఆ రోజే మొదలు. చిటికెడు పసుపు, రెండు చుక్కల నీళ్ళు. మహసీర్ గుడ్లకూ నా ఉప్మాకూ తేడా లేకుండా పోయింది.

"ఓలమ్మో, మావయ్యా!" అంది హైమ. రెండు రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను.

ముఖ్య అతిథి ఒంటిగంటా ఇరవైకి వచ్చారు. డోలు, దండలు, హారతి. తల్లిచేపను మళ్ళీ కదిలించడానికి హైమ ఒప్పుకోలేదు, ఒక ముసలి మగచేపను తెచ్చింది. "కొన్ని గుడ్లు ముందే తీసి ఉంచాం, తక్కినవి తమరి చేతుల మీదుగా," అన్నారు ఇన్‌చార్జి గారు, పళ్ళెం చూసి తేరుకుని. ఆదేశం ఎవరు మీరారో తర్వాత చూసుకుందామన్నట్టు హైమ వైపొక చూపు చూశారు. ముఖ్య అతిథి రెండు వేళ్ళతో చేపను ముట్టుకున్నారో లేదో అది తోకతో ఆయన పట్టు చొక్కా తడిపేసింది. ఫోటోలు పడ్డాయి. పళ్ళెం ఆయన చేతికిచ్చారు. డోలు పక్కన పెట్టి మంగళ దాదా తొంగి చూశాడు. ముందు పళ్ళెం వైపు, తర్వాత నా వైపు, తర్వాత నా ఖాళీ డబ్బా వైపు.

"భల అండా, ఆగ్యా," అన్నాడు గట్టిగా. మంచి గుడ్లు, అయ్యగారూ అని.

ముఖ్య అతిథి సగ్గుబియ్యాన్ని ధార కింద ఇంకో ట్రేలో పోశారు. ఈ కొండల నీటికి తన చేతుల మీదుగా సంతానం కలిగిందని ప్రసంగించారు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనే ముందున్నాను, ఆకలికి కళ్ళు తిరుగుతున్నా.

తర్వాతి రోజులు వాన వల్ల ఎక్కడికీ వెళ్ళలేదు, చూడదగ్గవన్నీ కేంద్రంలోనే ఉన్నాయి. సగ్గుబియ్యం ట్రేకు ముఖ్య అతిథి పేరుతో బోర్డు పెట్టారు. పక్కన కుర్చీ, కుర్చీలో కాపలా మనిషి. వేడుక మర్నాడు ఇన్‌చార్జి గారు భూతద్దంతో చూసి, గుడ్లు బాగా ఉబ్బాయి, పురోగతి తృప్తికరం అని పుస్తకంలో రాశారు. ఆ మర్నాడు అవి జావ అవుతుంటే, పొదిగే దశ మొదలైందని రాశారు. ఇక ఆదేశం ఎవరు మీరారని అడగడానికి ఆయనకు వీల్లేకుండా పోయింది. పొదిగే దశ మీద అప్పటికే పైకి ఒక నివేదిక వెళ్ళింది.

చీపుర్ల గదిలో హైమ, మంగళ దాదా వంతులవారీగా కూర్చుని, తెల్లబడి చచ్చిపోయిన గుడ్లను ఒక్కొక్కటే ఏరేవారు. ఎక్కువే పోయాయి. హైమ నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాసింది. తీసిన సమయం, నీటి చల్లదనం, పోయిన గుడ్లు, అన్నీ. సహాయకులు అన్న చోట నా పేరు రాసి ఉంది. నా పేరు కొట్టు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా చూసి ఎరగను. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

ఐదో రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే హైమ పరిగెత్తుకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. బతికిన గుడ్లలో, ప్రతిదాంట్లో, రెండు నల్ల చుక్కలు.

"కళ్ళు మావయ్యా. రేపో ఎల్లుండో బయటికొస్తాయి." ఈసారి మాత్రం ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వాన కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఆ ఫోటో నా ఫోన్‌కు పంపింది.

తిరుగుబండి సాయంత్రం నాలుగున్నరకు రాయగడ చేరింది, పది నిమిషాలు ఆగుతుంది. దారిలో సొరంగాలు, లోయలు అన్నీ మళ్ళీ వచ్చాయి, నేను చూసింది తక్కువ. అక్కకు ఏం చెప్పాలా అన్నదే నా యాత్ర అంతటి సారాంశం.

అక్క రెండు కేరేజీలతో నిలబడి ఉంది. నా వెనక తలుపు వైపు చూసింది. ఎవరూ దిగలేదు. దగ్గరికి వచ్చి ఆగింది. నా తువ్వాలు వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏటిరా ఈ కంపు?"

"చేపను పట్టుకున్నాను అక్కా." దాచి లాభం లేదు. ఫోన్ తీసి చూపించాను.

"సగ్గుబియ్యంలా ఉన్నాయి," అంది. నేను ఖాళీ డబ్బా ఉన్న సంచిని వెనక్కి జరుపుకున్నాను. ఫోన్ ఇంకా దగ్గరికి పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. "కళ్ళున్నాయిరా ఈటికి," అంది. "అయితే అమ్మి గెలిసీసినట్టేనా?"

"గెలిచింది."

అక్క ఒక కేరేజీ నా చేతిలో పెట్టింది. రెండోది గుండెకు ఆనించుకుని అలాగే నిలబడింది. బండి కూత వేసింది, నేను ఎక్కాను.

"పుట్టేక ఏటి తింటాయిరా అవి?"

"మొదట్లో ఏమీ తినవట. తర్వాత..." చెప్పనా వద్దా అని ఒక క్షణం ఆగాను. "ఉడకబెట్టిన కోడిగుడ్డు పచ్చసొన పెట్టాలట."

అక్క మొహం చూడలేక తల తిప్పుకున్నాను. బండి కదిలింది. ప్లాట్‌ఫారం సగం దాటాక చూస్తే నా కిటికీ పక్కనే గబగబా నడుస్తోంది.

"ఎన్ని డజన్లు కావాలో అమ్మిని నాకు ఫోన్ సెయ్యమను," అని అరిచింది, ప్లాట్‌ఫారం అంతా వినేలా. "చిల్లర రేటుకి కొనీగలదు, హోల్‌సేల్లో ఇప్పిస్తాను!"